డాబా మీది కుంపటి

చలికాలం రాగానే మీ పిల్లలు కూడా వేడివేడిగా ఏదన్నా చెయ్యమని ప్రాణం తోడేస్తుంటారు కదూ? మా ఇంట్లోనూ అంతే. మేముండేది నాచారంలో. మా ఆడపడుచు వాళ్ళది ఉప్పల్. 2023 డిసెంబరు 31, ఆదివారం. ఆడపడుచు కుటుంబమంతా మా ఇంటికొచ్చారు. "వదినా, ఇవాళ కూర వద్దు, డాబా మీద బొగ్గులపై చికెన్ కాలుద్దాం" అంది. సరేనన్నాను.

అత్తయ్యగారి ఇనప కుంపటి అటక మీంచి దింపాం. ఇస్త్రీ బండి అతన్ని అడిగి బొగ్గులు తెచ్చుకున్నాం. చికెన్ ముక్కలకు పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం మధ్యాహ్నమే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను.

చలిగాలిలో కాల్చడం వంటింట్లో వండినట్టు కాదండోయ్! గాలి వేడినంతా లాగేసుకుంటుంది. కుంపటిని పిట్టగోడ చాటున పెట్టాలి. బొగ్గుల మీద బూడిదరంగు పొర వచ్చేదాకా ముక్కలు పెట్టకూడదు. ముక్కలు చిన్నవిగా కోసుకుని, పైన మూకుడు బోర్లిస్తే లోపలిదాకా ఉడుకుతాయి. అన్నిటికన్నా లావుపాటి ముక్కను విరిచి చూడండి. లోపల గులాబీరంగు ఉంటే మళ్ళీ నిప్పుల మీదికే!

అందరూ కడుపునిండా తిన్నారు. పదింటికి ఆడపడుచు వాళ్ళు ఉప్పల్ బయల్దేరారు. అత్తయ్యగారు చలికి వణుకుతూ, "నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి కదమ్మా, నా గదిలో పెట్టరాదూ? మా ఊళ్ళో అలాగే పెట్టుకునేవాళ్ళం" అన్నారు. పొగ రావడం లేదు కదా అని నేనే తెచ్చి పెట్టాను. పాప నానమ్మ పక్కనే పడుకుంది. చలి రాకుండా కిటికీలు, తలుపు గట్టిగా మూసేశాను కూడా.

పన్నెండింటికి వీధిలో టపాకాయల మోతకి మెలకువ వచ్చి ఆ గదిలోకి తొంగిచూశాను. పాప వాంతి చేసుకుని, తల పగిలిపోతోందని ఏడుస్తోంది. అత్తయ్యగారు పిలిస్తే సరిగ్గా పలకలేదు. నా గుండె జారిపోయింది. చికెన్ ఉడకలేదేమో, నా చేతులారా విషం పెట్టానేమో అనుకున్నాను. ఉప్పల్‌కి ఫోన్ చేస్తే అక్కడ అందరూ హాయిగా ఉన్నారు! మరి ఇదేమిటి?

మావారు తలుపులు తీసి ఇద్దర్నీ బయటికి తెచ్చారు. ఆస్పత్రిలో డాక్టరుగారి మొదటి ప్రశ్న, "గదిలో బొగ్గులు పెట్టారా?" ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేసరికి ఇద్దరూ తేరుకున్నారు. ఆ రాత్రి టపాకాయలు మోగకపోయి ఉంటే? ఇప్పటికీ తలచుకుంటే వణుకొస్తుంది.

డాక్టరుగారు విడమరిచి చెప్పారు. బొగ్గు మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఒంటికి ప్రాణవాయువు అందదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు మొదలవుతాయి. మనమేమో తిండి పడలేదనుకుంటాం. నిద్రలో ఉన్నవాళ్ళకైతే అదీ తెలియదు. అత్తయ్యగారి చిన్ననాటి పెంకుటింట్లో సందుల్లోంచి గాలి ఆడేది. మన స్లాబు ఇళ్ళలో ఎక్కడాడుతుంది?

పాపం అత్తయ్యగారు "నా చలే పిల్లకి చేటు తెచ్చింది" అని ఎన్నాళ్ళో కుమిలిపోయారు. తప్పు ఆవిడది కాదు, తెచ్చి పెట్టిన నాది.

అందుకే మీతో చెబుతున్నాను. డాబా మీద హాయిగా కాల్చుకోండి, మేమూ మానలేదు. కానీ చివరి ముక్క తీయగానే నిప్పుల మీద నీళ్ళు పోసి ఆర్పేసి, కుంపటిని బయటే వదిలేయండి. పెద్దవాళ్ళకి చలేస్తే ఇంకో రగ్గు కప్పండి. పొరపాటున ఎవరికన్నా ఇలా అయితే ముందు ఆరుబయటికి తీసుకెళ్ళి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మా ఇంట్లో కుంపటి ఇప్పుడు డాబా మెట్లు దిగదు. మీ ఇంట్లోనూ దిగనివ్వకండి!