ఎడమకాలికీ పాఠం ఉంది!

బంతిని కుడికాలితో బలంగా తన్నే కుర్రాడు ఏ గల్లీలోనైనా దొరుకుతాడు. అదే బంతి ఎడమకాలి దగ్గరికొస్తే? కాస్త తడబడి, కుడికాలి వైపు సర్దుకుంటాడు. ఆ ఒక్క క్షణం చాలు... ఎదుటివాడు బంతి లాక్కుపోతాడు. ఫుట్‌బాల్‌లో శిక్షణ అవసరమయ్యేది సరిగ్గా అక్కడే. అలవాటైన కాలు ఆటను తనంతట తానే నేర్చుకుంటుంది. అలవాటులేని కాలికి మాత్రం మాస్టారు కావాలి.

హైదరాబాద్‌కు అలాంటి మాస్టారు ఒకరుండేవారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి బడిపంతులే. 2024లో అజయ్ దేవగణ్ హీరోగా వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. కుర్రాళ్లకి రహీం చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. చూడ్డానికి సరదా ఆటే. కానీ అందగానే పాస్ ఇవ్వాలంటే తోటి ఆటగాళ్లు ఎక్కడున్నారో ముందే చూసి పెట్టుకోవాలి కదా! అలా కాళ్లతో పాటు కళ్లకీ, బుర్రకీ పాఠం చెప్పేవారాయన.

ఆ పాఠాల ఫలితం మైదానంలో కనిపించింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకూ వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దేశం జట్టు పగ్గాలూ ఆయన చేతికే వచ్చాయి. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం ఘోర పరాభవం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. యుగోస్లావియా 10-1తో చిత్తుచేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే రహీం జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ సహా మన హైదరాబాదీలు చాలామందే ఉన్నారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. జర్నైల్ సింగ్ డిఫెండర్. తలకి దెబ్బతగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని పక్కన కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. దక్షిణ కొరియాతో ఫైనల్లో మనం 2-1తో గెలిచాం. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్ సింగ్‌దే! అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆ తర్వాత? ఆయన నాటిన మొక్కలు కొన్నాళ్లు కాశాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో మరో హైదరాబాదీ నయీముద్దీన్ సారథ్యంలో కాంస్యం వచ్చింది. అంతే! ఆ ట్రోఫీ మళ్లీ ఇటువైపు రాలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో దేశానికి మరో పతకమూ లేదు. విద్య అంతా ఒక్క మనిషిలో ఉంటే, మనిషితోనే వెళ్లిపోతుంది మరి.

ఈలోగా ప్రపంచం ఊరుకోలేదు. 1930 వరల్డ్‌కప్‌లో ఆడినవి 13 జట్లు. 2026 టోర్నీకి 48. ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపే... అటూఇటూగా మన రాజమండ్రి అంత. ఏడాదిలో చాలా నెలలు చలే. అయినా కప్పు ఉన్న పెద్దపెద్ద మైదానాలు కట్టుకున్నారు. పసిపిల్లలకి ఆట నేర్పేవారు కూడా శిక్షణ పొంది, లైసెన్సు తీసుకున్నవాళ్లే. 2016 యూరో కప్‌లో ఆ దేశం ఇంగ్లండ్‌ని ఇంటికి పంపింది. 2018 వరల్డ్‌కప్‌లో అర్జెంటీనాతో 1-1తో సమంగా నిలిచింది. మనకి ఒక్క రహీం ఉండేవారు. వాళ్లు వాడవాడకీ ఒక రహీంని తయారుచేసుకున్నారు.

2025 డిసెంబరులో మెస్సీ వస్తే ఉప్పల్ స్టేడియం హోరెత్తిపోయింది. ఆట మీద ప్రేమకి మన దగ్గర కొదవలేదని తెలిసిపోయింది. అయితే పిల్లలు ప్రేమతో తన్నేది కుడికాలితోనే. 'ఇప్పుడు ఎడమకాలితో కొట్టు నాన్నా' అని వెంటపడే మనిషి, బడి గంట కొట్టాక ఆ గ్రౌండ్‌లో ఉండాలి.