వెనుకకు మరలిన నది

షికాగో నది ఉత్తర శాఖ వెంట నా నడక ఒక శ్మశానవాటిక దాపున మొదలైనది. మరణమునకు ముందు మతగురువు చెంత పాపనివేదన చేయలేదను కారణమున ఒక చెక్ స్త్రీకి క్యాథలిక్ శ్మశానమున ఆరడుగుల నేల నిరాకరింపబడగా, మనస్సు గాయపడిన బొహీమియా వలసజనులు, విశ్వాసమేదైనను తమవారికందరికి ఒకే చోట శాశ్వతవిశ్రాంతి కల్పింపవలెనని తలచి, 1877లో ఈ భూమిని సంపాదించుకొనిరి. ఆల్బిన్ పొలాషెక్ అను చెక్ శిల్పి మలచిన కంచు యాత్రికమూర్తి, ముసుగు వాల్చుకొని, ఇందొక సమాధిగృహము వైపు నడచుచున్నది. అనతిదూరమున అంటన్ చెర్మాక్ సమాధి కలదు. బొహీమియాలోని క్లాద్నో పట్టణమున 1873లో జన్మించి, పసితనముననే సముద్రము దాటి వచ్చి, 1931లో ఈ మహానగరమునకు మేయరై, 1933 ఫిబ్రవరి 15న మయామిలో, అధ్యక్షపదవి చేపట్టబోవుచున్న రూజ్‌వెల్టు పక్కన నుండగా తుపాకిగుండు తగిలి, మార్చి 6న కన్నుమూసినవాడాయన. కాని నా కాళ్లను కదలనీయక నిలిపినవి ఆ పెద్ద సమాధులు కావు; చిన్న చిన్న రాళ్ల మీద, ఇంటిపేర్లు మారుచున్నను మారక కనిపించెడి ఒకే మరణదినము: 1915 జూలై 24.

అచ్చటినుండి నగరమధ్యమునకు వచ్చువరకు గోదాములును, పడవల రేవులును, కొత్తగా లేచిన గాజుమేడలును తప్ప నాకు కనబడినవి తక్కువ. క్లార్కు వీధికిని లసాల్ వీధికిని నడుమనున్న దక్షిణపు గట్టున మాత్రము ఒక పూట యంతయు కూర్చుండి పోతిని. సిసెరో పట్టణములోని హాథార్న్ కర్మాగారమున టెలిఫోను పరికరములు చేయు కార్మికులు, భార్యాబిడ్డలతో, వనభోజనమునకై ఆ జూలై 24న, శనివారపు ఉదయమున, ఈస్ట్‌లాండ్ అను నౌక నెక్కిరి. వారిలో చెక్కులు అనేకులు. రెండువేల అయిదువందలమందికి పైగా నిండిన ఆ నౌక, కట్టిన త్రాళ్లు పూర్తిగా విప్పకమునుపే, గట్టుకు కొన్ని అడుగుల దూరముననే, మెల్లగా ఒక పక్కకు ఒరగి, ఒరగి, నీటిలో పరుండినది. 844 ప్రాణములు పోయినవి. ఇరువదిరెండు కుటుంబములు సమూలముగా తుడిచిపెట్టుకొని పోయినవి. టైటానిక్ మునిగిన పిమ్మట ప్రాణరక్షణకై చేర్చిన పడవల బరువు, మునుపే పైభారము మిక్కుటమైన ఈ నౌకను మరింత అస్థిరము చేసినదట! దాని ఒరుగుడు స్వభావము తెలిసియుండియు ఇందరిని ఎక్కించుకొనిన లాభాపేక్షను నేను క్షమింపజాలను.

ఆ దినమున ఆ నౌక నెక్కవలసిన యువకుడొకడు ఆలస్యముగా రేవు చేరెను. అతడు జార్జ్ హాలస్. చెక్ వలసదంపతుల బిడ్డడు. అనంతరకాలమున షికాగో బేర్స్ జట్టును స్థాపించి, అమెరికా ఫుట్‌బాల్ వృత్తిక్రీడకు పితామహునివంటివాడైనాడు. ఆ ఉదయమున సకాలమునకు చేరియున్నచో, ఆయన పేరును నేను ఎగువన చిన్న రాతి మీద చదివియుందునేమో!

నది దక్షిణమునకు తిరిగి కొంతదూరము సాగినంతనే పిల్సెన్ పేట వచ్చును. హాలస్ పుట్టినది ఇచ్చటనే. తమ దేశమునందలి పిల్సెన్ నగరము పేరు పెట్టుకొని చెక్కులు నిర్మించుకొన్న ఈ పేటకు ఒకప్పుడు ఒడ్డుపొడవునను కలప అడితులుండెడివి. పలకలు దించి పేర్చెడి ఆ కూలీలు 1877 జూలైలో సమ్మె చేయగా, హాల్‌స్టెడ్ వీధి రైలువంతెన వద్ద పోలీసులును సైనికులును జరిపిన కాల్పులలో సుమారు ముప్పదిమంది నేలకొరగిరి. నేడు ఆ వీధులలో చెక్ మాట వినబడదు. 1960లలో విశ్వవిద్యాలయ నిర్మాణమునకై పొరుగుపేటనుండి వెళ్లగొట్టబడిన మెక్సికన్ కుటుంబములు ఇందు తలదాచుకొని, గోడలనిండ చిత్రములు వ్రాసికొని, ఊరికి మరల ప్రాణము పోసినవి. ఇప్పుడు పెరిగిన అద్దెలు వారిని సైతము తరుముచున్నవి. పేటను దాటి పడమరకు సాగెడి ఇరువదిరెండవ వీధికి చెర్మాక్ పేరు పెట్టిరి. ఆ పేరు మాత్రము నిలిచినది.

ఇంకను దిగువకు పోగా బబ్లీ క్రీక్ అను పాయ కలియును. పశువధశాలల నెత్తురును కొవ్వును దశాబ్దములపాటు మ్రింగి, అడుగున కుళ్లిన మాంసమునుండి వాయువులు బుడగలై లేచుటచేత దానికి ఆ పేరు వచ్చినది. నేటికిని బుడగలు లేచుచునే యున్నవి. మిషిగన్ సరస్సులో కలియవలసిన నది ఈ మురికిని త్రాగునీటిలోనికే చేర్చుచున్నదని భయపడి, 28 మైళ్ల కాలువ త్రవ్వి, 1900 జనవరిలో, న్యాయస్థానము అడ్డుపడకమునుపే, నదిని వెనుకకు మరల్చిరి. నది యన్నంతనే సాగరసంగమము తలచుకొనెడి తెలుగువాడను నేను. నగరము తన మాలిన్యమును తాను కడుగుకొనక దిగువ ఊళ్లకు పంపుటకై ఒక నదికి స్వభావమునే మార్పించిన ఆ ఘనకార్యమును ఇంజనీర్లు ఎంత పొగడినను, నా మనస్సు ఒప్పదు. దిగువనున్న సెయింట్ లూయిస్ ప్రజల మొర సుప్రీంకోర్టు వరకు పోయి, 1906లో త్రోసివేయబడినది.

కాలువకు సమాంతరముగా వచ్చెడి డెస్ ప్లెయిన్స్ నదికి ఎగువన, అదే పేరు గల పట్టణమున, చెక్ తండ్రి బిడ్డయైన రే క్రాక్ 1955లో తన తొలి మెక్‌డొనాల్డ్స్ భోజనశాల తెరచెను. ఆ నది ఒడ్డుననున్న మేవుడ్‌లో, తండ్రివంక స్లొవాక్, తల్లివంక చెక్ అయిన యూజీన్ సెర్నన్ చదువుకొనెను. 1972 డిసెంబరులో చంద్రతలమును కడపట విడిచివచ్చిన మనుష్యుడాయనయే. లెమాంట్ కొండ మీద మన రామాలయము మెట్లపైనుండి దిగువ లోయ కనిపించినది. అందులోనే ఆ మరల్చిన నీరు పోవుచున్నది.

ఆ నీటి వెంట మిసిసిపీ వరకు పోవలెనని బయలుదేరితినిగాని పోలేదు. కాంకకీ నది చేరువనున్న బ్రెయిడ్‌వుడ్ అను బొగ్గుగనుల ఊరియందే ఆగిపోతిని. చెర్మాక్ పెరిగినది ఇచ్చట; గనిపనివాని కొడుకై, బాల్యముననే తానును గనిలోనికి దిగెను. 1883 ఫిబ్రవరిలో, ఆయనకు పదేండ్లయినను నిండకమునుపు, ఊరికి సమీపమున డైమండ్ గని మీది చిత్తడినేల కరగిన మంచునీటి బరువుకు కుంగి, నీరు లోనికి విరుచుకొని పడి, సుమారు డెబ్బదిమందిని ముంచివేసెను. వారిలో పలువురి దేహములు నేటికిని ఆ నీటి క్రిందనే యున్నవి. ఆ పొలము మీద నేను నడచిన దినమున నేల తడిగానే యుండెను.