సముద్రం నడుమ పాత ఇంజను

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు.

ఇక్కడ పాత అంబాసిడర్ కారును నడుపుకొనేవారికి ఒక చిక్కు తప్పదు. అరిగిన భాగాన్ని బాగుచేయించడమా, కొత్తది తెప్పించడమా? ఆ కారు తయారీ 2014లోనే నిలిచిపోయింది. పైగా ఏడాదిలో అధికభాగం వాన, నిరంతరం ఉప్పుగాలి.

అయితే డైనమో మూలపడినంత మాత్రాన అది పూర్తిగా చెడినట్లు కాదు. సాధారణంగా అరిగేవి కార్బన్ బ్రష్షులు, బుష్షులు, కమ్యుటేటర్ ఉపరితలం. కమ్యుటేటర్‌ను లేతు మీద పలుచగా చెక్కి, రాగి పలకల నడుమ అభ్రకాన్ని కొద్దిగా లోతు చేసి, కొత్త బ్రష్షులూ బుష్షులూ అమర్చితే అది మళ్ళీ విద్యుత్తు నిస్తుంది. కాలిన తీగచుట్టను సైతం తిరిగి చుట్టవచ్చు. నీటి పంపుకు తరచు బేరింగు, సీలు మార్చితే చాలును.

కాని బీటవారిన పంపు ఒంటినీ, చెక్కడానికి రాగి మిగలని కమ్యుటేటర్‌నూ నమ్మరాదు. ఉత్తరానికి సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాలకు కేటాయించిన రక్షిత ప్రాంతం గుండా పోతుంది. జిర్కాటాంగ్ నుంచి వాహనాలు నిర్ణీత వేళలలో బారులు తీరి సాగాలి, దారిలో ఆగరాదు. అక్కడ ఇంజను మొరాయిస్తే ఇబ్బంది ఒక్క యజమానిదే కాదు.

అందువల్ల ఒళ్ళు గట్టిగా ఉన్న భాగాన్ని బాగుచేయించడం, బీటవారినదానికి బదులు ఓడ మీద మరొకటి తెప్పించడం ఇక్కడ వివేకం.