కోనీ ఐలాండ్‌లో కొత్త సంవత్సరం

జనవరి 1 పొద్దున ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగాం. కాస్త నడిచి డి లైన్ సబ్‌వే అందుకున్నాం. అక్కడి నుంచి దాదాపు గంట. బ్రూక్లిన్‌లోకి వచ్చేసరికి రైలుపెట్టెలో చంకన తువ్వాళ్లు పెట్టుకున్నవాళ్లు, ఎలుగుబంటి టోపీలవాళ్లు ఎక్కువయ్యారు. ఆఖరి స్టేషన్ స్టిల్‌వెల్ అవెన్యూ. బయటికి రాగానే 1916 నాటి నేథన్స్ హాట్‌డాగ్ దుకాణం, కాస్త దూరంలో చలికాలం తిరగని వండర్ వీల్, చెక్కల బోర్డ్‌వాక్, దాని కింద ఇసుక, ఆపైన అట్లాంటిక్.

కొత్త సంవత్సరం నాడు ఆ సముద్రంలో మునగడానికే వచ్చాం. ఈ చన్నీటి మునకకు మూలపురుషుడు బెర్నార్ మక్‌ఫాడెన్. 1899లో ‘ఫిజికల్ కల్చర్’ అనే పత్రిక పెట్టి వ్యాయామం, ఉపవాసం, చన్నీళ్లు ఉంటే చాలని దేశమంతా ప్రచారం చేశాడు. డాక్టర్లన్నా టీకాలన్నా అతనికి గిట్టేది కాదు. చలికాలపు సముద్రస్నానం ఒంటికి బలమని 1903లో ఇక్కడ పోలార్ బేర్ క్లబ్బు మొదలుపెట్టాడు. 1955లో అతను పోయినా క్లబ్బు మిగిలింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆదివారం మధ్యాహ్నం 1 గంటకు సభ్యులు ఇప్పటికీ సముద్రంలో దిగుతారు. కొత్త సంవత్సరం నాడు మాత్రం ఎవరైనా దిగవచ్చు. రుసుము లేదు, తోచినంత విరాళం ఇవ్వచ్చు. అది కోనీ ఐలాండ్‌లోని స్థానిక సంస్థలకు వెళ్తుంది.

“అక్కా, పరుగెత్తకు. తల ముంచకు. మొదటి నిమిషం ఊపిరి అందదు, కంగారు పడకు” అన్నాడు మా పిన్ని కొడుకు. అతను ఇంతకుముందే మునిగి వచ్చినవాడు. ఆ మాటలో శాస్త్రం ఉంది. చల్లటి నీళ్లు ఒక్కసారిగా తగిలితే మన ప్రమేయం లేకుండానే గాలి గుటుక్కున లోపలికి పోతుంది. అప్పుడు ముఖం నీళ్లలో ఉంటే ప్రమాదం.

గోదావరిలో మాఘస్నానం చలి ఒంటిని గిల్లుతుంది. ఇది ఊపిరినే పట్టుకుంది. మోకాళ్ల దాకా మంట, నడుము దాకా వచ్చేసరికి నోట మాట లేదు. పక్కనున్న పెద్దావిడ, ఎవరో ఏమిటో, నా చెయ్యి పట్టుకుని “గాలి వదులు, వదులు” అంది. వదిలాను. కాసేపటికి ఒళ్లు మొద్దుబారి, చుట్టూ కేకలు వినిపించాయి. అప్పటిదాకా అవి నా చెవిన పడనే లేదు.

అసలు వణుకు ఒడ్డుకొచ్చాకే పట్టుకుంది. నీళ్లలోంచి బయటికొచ్చాక కూడా ఒళ్లు లోపల కాసేపు ఇంకా చల్లబడుతూనే ఉంటుంది. ఆ వణుకులోనే తమ్ముడు క్యాంప్ సన్‌షైన్ సంగతి చెప్పాడు. క్లబ్బువాళ్లు ఏళ్లుగా దానికోసం వేరేగా చందాలు పోగుచేస్తున్నారు. మెయిన్ రాష్ట్రంలో సెబాగో సరస్సు ఒడ్డున 1984 నుంచి నడుస్తోంది. ప్రాణాంతక జబ్బున్న పిల్లల్ని కుటుంబంతో సహా పిలుస్తారు. పైసా తీసుకోరు. వైద్యసిబ్బంది అక్కడే ఉంటారు. డాక్టర్లను నమ్మని మనిషి పెట్టిన క్లబ్బు చివరికి ఇలాంటి చోటికి చందాలు పంపడం నాకు ఎంతో నచ్చింది.

జబ్బుపడ్డ పిల్లల తోబుట్టువుల్నీ ఆ క్యాంపుకు పిలుస్తారట. ఇంట్లో ఒక బిడ్డ ఆసుపత్రి పాలైతే మిగతా పిల్లలు చుట్టాల ఇళ్లలో, పక్కవాళ్ల ఇళ్లలో పెరగడం నేను చూశాను. వాళ్లు అడగరు, మనకూ గుర్తుండరు. వాళ్ల గురించి కూడా తలిచారంటే మళ్లీ ఏడాదీ దిగుతానన్నాను తమ్ముడితో.

“ముందు తడిబట్టలు మార్చుకో అక్కా” అన్నాడు.