బిలాస్‌పూరునుండి సముద్రపు అడుగునకు

బిలాస్‌పూరులో సముద్రము లేదు. అర్పా నది ఉన్నది గాని, ఎండకాలములో దానిని చూచిన పరదేశి అది నది అని ఒప్పుకొనడు. ఇసుకలో పిల్లలు క్రికెట్టు ఆడుతుంటారు. దాపుననున్న రతన్‌పూరులో చెరువులు అనేకము. ఖూటాఘాట్ జలాశయము చూడవచ్చినవారు గట్టుమీదనే కూర్చుండి, తెచ్చుకొన్న ఫలహారము తిని, లేచిపోతారు. నీటిని చూచుట ఒకటి, నీటిలో దిగుట మరియొకటి.

ఇట్టి ఊరి రైల్వే కాలనీనుండి ప్రతి శీతకాలము చివరను ఏడెనిమిదిమంది స్త్రీలు విశాఖపట్టణము వెళ్ళి, వీపున గాలి సిలిండరు కట్టుకొని, సముద్రపు అడుగు చూచి వస్తున్నారు. వారిని కూడగట్టినది రైల్వే పాఠశాలలో ముప్పది సంవత్సరములు భూగోళము బోధించి విశ్రాంతి పొందిన ఒక తెలుగు ఆవిడ. తెలుగువారికి ఆమె టీచరమ్మ. ఛత్తీస్‌గఢీ వారికి, బెంగాలీలకు బడీ దీదీ.

ఈ కాలనీలోని తెలుగువారి కథ సముద్రమునకు అంత దూరమైనది కాదు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడిన తరువాత, శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి ఖలాసీలుగా, గ్యాంగ్‌మెన్‌గా, ఫిట్టర్లుగా వచ్చినవారి మనుమలు, మునిమనుమలే నేడిక్కడ ఉన్నవారు. రాత్రివేళ కెరటముల హోరు వినబడే పల్లెలనుండి వచ్చినవారి సంతానము ఇంజను కూత వింటూ పెరిగినది. కంపెనీ పోయినది, ఆగ్నేయ రైల్వే వచ్చినది, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరే ముఖ్యస్థానమైనది. ఇండ్లలో తెలుగు మాత్రము సగము హిందీతో కలిసి ఏదో ఒక విధముగా నిలిచినది.

టీచరమ్మ ముప్పది ఏండ్లు నల్లబల్లమీద నీలిసుద్దతో బంగాళాఖాతమును గీసినది. అందులో చీలమండలకు మించి ఆమె ఎన్నడును దిగియుండలేదు. విశ్రాంతి పొందిన ఏడు మేనకోడలి పెండ్లికి విశాఖ వెళ్ళి, ఋషికొండవద్ద నల్లని రబ్బరు దుస్తులతో నీటిలోనుండి లేచి వస్తున్న ఇద్దరు పడుచులను చూచినది. వైద్యునివద్ద పత్రము తీసికొని, మూడవనాడు తానును దిగినది. ఇంటికి వచ్చి ఎవరికిని చెప్పలేదు. చెప్పితే కొడుకు కోప్పడుతాడని కాదట. చెప్పుటకు మాటలు దొరకలేదట.

మరుసటి ఏడు నలుగురు తోడైనారు. అసలు కష్టము సముద్రములో లేదు, బయలుదేరుటలోనే ఉన్నది. రైల్వే కుటుంబములకు పాసు ఉంటుంది. పాసు భర్త ఉద్యోగముమీద వస్తుంది గనుక ప్రయాణము కూడ తనదేనని భర్తలలో కొందరి నమ్మకము. “నేను లేకుండ నా పాసుమీద సముద్రమా?” అని ఒక ఫిట్టరుగారు అడిగినారు. ఆయన భార్య ఆ ఏడు టిక్కెట్టు కొనుక్కొని వచ్చినది. కోర్బానుండి విశాఖకు పోయే బండి ఆ రాత్రి ప్లాట్‌ఫారమును విడిచినప్పుడు ఆయనే నీళ్ళ సీసా కిటికీలోనుండి అందించినారనుట కూడ చెప్పవలెను.

స్త్రీలు మాత్రమే ఎందుకు అని అడిగేవారున్నారు. మగవారు పక్కనుంటే ఆడవారు భయము లేదని అబద్ధమాడుతారు. ఆడవారి మధ్య భయమును బయటపెడతారు. నీటి అడుగున దాచుకొన్న భయముకంటె ప్రమాదకరమైనది మరొకటి లేదు. రబ్బరు దుస్తులు తొడుగుకొనుటలో సిగ్గు, ఋతుదినములలో దిగవచ్చునా అన్న గుసగుస, ఇవియు ఉన్నవి. ఒంట్లో బాగుంటే ఆ దినములలో దిగుటకు అడ్డు లేదనియు, గర్భిణులు మాత్రము దిగరాదనియు టీచరమ్మ పాఠశాలలో అక్షాంశములు చెప్పినంత నిబ్బరముగా చెప్పుతుంది.

జనవరిలో డాబామీద పాఠములు మొదలగును. పుష్కరాలలో మునిగిన అలవాటు వీరికి పెద్ద అడ్డంకి. అక్కడ ముక్కు మూసికొని, ఊపిరి బిగబట్టి మునగవలెను. ఇక్కడ ముక్కు మూసికొనుట చెవులకొరకు: పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలముమీది దానికి రెట్టింపగును గనుక, దిగుచున్నంతసేపు ముక్కు నొక్కి మెల్లగా గాలిని చెవులలోనికి నెట్టవలెను. ఊపిరి మాత్రము ఎన్నడును బిగబట్టరాదు. పైకి వచ్చునప్పుడు ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచించి వాటిని చీల్చగలదు. సంజ్ఞలు మరొక తంటా. బొటనవ్రేలు పైకెత్తుట ఊరిలో ‘భేష్’ అని అర్థము. నీటిలో అది ‘పైకి పోదాము’ అని. మొదటి ఏడు ఒకామె రంగురంగుల చేపను చూచి, ఆనందము పట్టలేక బొటనవ్రేలెత్తినది. శిక్షకుడు వెంటనే ఆమెను పైకి తీసికొనివచ్చినాడు. ఆమెకు ఆ ఏటికి దక్కినది ఆ ఒక్క చేపయే.

ఈ డాబా పాఠములలోనే టీచరమ్మ కొన్ని కథలు చెప్పుతుంది. కొరియా దేశపు జేజూ ద్వీపములో హేన్యో అనబడు స్త్రీలు గాలి సిలిండరు లేకుండనే, ఊపిరి బిగబట్టి సుమారు పది మీటర్లు దిగి, శంఖములు, నాచు ఏరి ఇల్లు నడుపుతారు. వారిలో ముదుసలులు అనేకులు. వారి విద్యను 2016లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. కూస్తో, గాన్యాఁ అను ఫ్రెంచివారు 1943లో నీటిలో గాలి పీల్చు సాధనమును సిద్ధపరచిన తరువాత సామాన్యులకును ఆ దారి తెరువబడినది. 1970లో సిల్వియా ఎర్ల్ నాయకత్వమున ఐదుగురు స్త్రీలు వర్జిన్ దీవులవద్ద సముద్రపు అడుగున కట్టిన ఇంటిలో రెండు వారములు కాపురమున్నారు. కాపురము అన్న మాటకు డాబామీద అందరును నవ్వుతారు. అన్నిటికంటె వారికి ఇష్టమైనది ఆరతీ సాహా కథ. 1959లో ఇంగ్లీషు ఛానలును ఈదిన ఆ బెంగాలీ పడుచు ఆసియా స్త్రీలలో మొదటిది. తరువాత రైల్వేలో ఉద్యోగము చేసినది. “మన రైల్వే పిల్లే” అని కాలనీవారు ఆమెను తమలో కలుపుకొన్నారు.

విశాఖ వెళ్ళినవారికి అరకు చూడవలెనని ఉండక మానదు. టీచరమ్మ అరకును ముందు పెట్టి, సముద్రమును చివర పెట్టినది. లోతునుండి వచ్చిన ఒంటిలో నత్రజని కొంత మిగిలియుండును. వెంటనే కొండ ఎక్కినను, విమానమెక్కినను అది బుడగలై బాధించవచ్చును. అందుచేత దిగిననాటి రాత్రి విశాఖలోనే నిద్ర, మరునాడే బండి.

ఇన్ని జాగ్రత్తలు తెలిసిన ఆమెకు ఒక ఏడు జరిగినది వేరు. భర్త పోయిన తరువాత కారుణ్య నియామకముమీద కార్యాలయములో గుమాస్తాగా చేరిన ఒకామె ఆ గుంపులో ఉన్నది. నెలనెలా కొంత దాచి ఏడాదిపాటు కూడబెట్టినది. వైద్య ప్రశ్నావళిలో అన్నిటికిని ‘లేదు’ అని వ్రాసినది. దిగవలసిన ముందటి రాత్రి బసలో ఆమె మాత్ర వేసికొనుచుండగా టీచరమ్మ చూచినది. రక్తపుపోటు మాత్ర.

“టీచరమ్మా, కాగితంమీద లేదని రాస్తే సముద్రానికెలా తెలుస్తుంది?”

“సముద్రానికి తెలియదమ్మా. నాకు తెలిసిపోయింది గదా.”

“ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన వద్దన్నారు. ఇప్పుడు మీరు వద్దంటున్నారు.”

ఈ మాటకు టీచరమ్మవద్ద జవాబు లేకపోయినది. వైద్యుని అనుమతి లేక దింపరాదన్నది నియమము, నియమము సరియైనదే. కాని ఆ మాట కూడ సరియైనదే. రాత్రి ఇద్దరును నిద్రపోలేదు. తెల్లవారి పడవలో అందరును ఎక్కినారు. ఆనాడు టీచరమ్మ కూడ దిగలేదు. రబ్బరు దుస్తులు మడిచి ఒడిలో పెట్టుకొని ఆమె పక్కన కూర్చుండినది. ఆమె మొగము తిప్పుకొని నీటిమీది బుడగలనే చూచుచుండినది. చాలసేపటికి ఒక తల పైకి తేలినది, పిదప ఇంకొకటి. “ఇద్దరొచ్చారు, ఇంకా ముగ్గురున్నారు” అన్నది ఆమె, ఎవరితోనని కాక. మిగిలినవారు వచ్చువరకు లెక్క తప్పలేదు.

బిలాస్‌పూరు చేరిన వారమునకు ఆమెయే ఆసుపత్రికి పోయి అడిగినది. పోటు అదుపులోనికి వచ్చిన పిదప, ఆరు నెలలకు మరల చూచి చెప్పుదునని వైద్యుడన్నాడు. టీచరమ్మ డబ్బు తిరిగి ఇవ్వబోతే ఆమె పుచ్చుకొనలేదు; వచ్చే ఏటికి జమకట్టుమన్నది. టీచరమ్మ కొత్త పుస్తకము తెరచి మొదటి వరుసలో ఆమె పేరు వ్రాసి, ఎదుట వైద్యుని పత్రమునకు ఖాళీ విడిచినది.