హఫీజ్‌పేట్ నుంచి కడపకు: డీజిల్ పోయించుకునే వేళ

ఫజ్ర్ నమాజు ముగించుకుని మసీదు నుంచి తిరిగి వస్తుంటే హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ వైపు నుంచి ఎంఎంటీఎస్ రైలు కూత వినిపించింది. మరో రెండు గంటలు గడిస్తే ఫ్లైఓవర్ మీద వాహనాలు బారులు తీరుతాయి. మియాపూర్ నుంచి కొండాపూర్ వైపు, అక్కడి నుంచి హైటెక్ సిటీ వైపు ఉద్యోగుల ప్రవాహం మొదలవుతుంది. ఆ రద్దీ రాకముందే బయలుదేరాలని రాత్రే సామాను సర్దుకున్నాం. కడపలో మా ఖాలా ఆరోగ్యం బాగా లేదు. బక్రీద్ ఆమె దగ్గరే జరుపుకోవాలని అమ్మీ కోరిక.

మాది డీజిల్ కారు. వెనుక సీట్లో అమ్మీ, నా భార్య, ఇద్దరు పిల్లలు. గత సంవత్సరం ఇదే దారిలో నా అజాగ్రత్త వల్ల ఒక పూట ప్రయాణం ఆగిపోయింది. ఆనాటి నుంచి బంకు దగ్గర ఎలా నిలబడాలో, ఏమి చూడాలో, ఏమి అడగాలో నేర్చుకున్నాను. అందులో చాలా భాగం మా మామూ నేర్పినదే. ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపి ఇప్పుడు కడపలో విశ్రాంతి తీసుకుంటున్నారు. పండుగలకు సొంతూరికి బండి తీసే కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది లెక్క. హఫీజ్‌పేట్ నుంచి కొండాపూర్, గచ్చిబౌలి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, శంషాబాద్ వద్ద 44వ జాతీయ రహదారిలో కలిసి, కర్నూలు, నంద్యాల, మైదుకూరు మీదుగా కడప చేరడానికి సుమారు 420 కిలోమీటర్లు. మా బండి లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుంది. ఆ లెక్కన 26 లీటర్లకు పైగా కావాలి. ఏసీ, అయిదుగురి బరువు, సామాను కలుపుకొని లీటరుకు 14 కిలోమీటర్లే అనుకుంటే 30 లీటర్లు. తక్కువ మైలేజీతో లెక్క వేసుకోవడమే మంచిది. "ముల్లు పావు వంతుకు దిగిందంటే ట్యాంకు ఖాళీ అయినట్లే అనుకో బేటా" అంటారు మామూ. డీజిల్ బండికి ఈ మాట మరీ ముఖ్యం. పెట్రోల్ బండి ఇంధనం అయిపోయి ఆగితే కాస్త పోసి మళ్లీ నడపవచ్చు. డీజిల్ పూర్తిగా అయిపోతే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. అనేక బండ్లలో ఆ గాలిని బయటికి తీసేదాకా ఇంజను అందుకోదు. పిల్లలతో, వృద్ధులతో రహదారి పక్కన నిలబడవలసి వస్తుంది.

నగరంలో తిరిగే డీజిల్ బండికి మరో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. డీజిల్‌లో గంధకం పరిమాణం పది లక్షల భాగాలకు 50 భాగాల నుంచి 10 భాగాలకు తగ్గింది. పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ వచ్చింది. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లు నత్తనడకన వెళ్లి వచ్చే బండిలో ఆ మసి కాలిపోయేంత వేడి పుట్టదు. రహదారి మీద నిలకడగా సాగితే అది తనంతట తాను శుభ్రపడుతుంది. అయితే ట్యాంకులో డీజిల్ బాగా తగ్గితే కొన్ని బండ్లలో ఈ శుద్ధి మొదలు కాదు. ఫిల్టర్ దీపం వెలిగి ఉంటే దూర ప్రయాణానికి ముందే మెకానిక్‌కు చూపించాలి.

కొన్ని బండ్లకు డీజిల్‌తో పాటు డీఈఎఫ్ అనే ద్రవం కూడా అవసరం. అది 32.5 శాతం యూరియా కలిసిన శుద్ధ జలం. దాని ట్యాంకు వేరు, మూత సాధారణంగా నీలం రంగులో ఉంటుంది. అది పూర్తిగా అయిపోతే బండి మళ్లీ స్టార్ట్ కాదు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే భారీ నష్టం. మీ బండికి అది ఉందో లేదో మాన్యువల్‌లో ముందే చూసుకోండి.

ఇక గత సంవత్సరం సంగతి. దారిలో ఒక బంకు వద్ద ఆగాం. నేను ఫోనులో మాట్లాడుతూ కిటికీలోంచి "ఫుల్" అని మాత్రమే అన్నాను. డీజిల్ అనలేదు, కిందికి దిగలేదు. రాత్రంతా పనిచేసి అలసిన ఒక కుర్రవాడు గొట్టం అందుకున్నాడు. కొంతసేపటికి వెనుక నుంచి మా అమ్మాయి, "అబ్బా, ఆ మిషన్ మీద పెట్రోల్ అని రాసి ఉంది" అంది. అప్పటికే పన్నెండు లీటర్లు పడింది.

డీజిల్ ట్యాంకు మూతిలోకి పెట్రోల్ గొట్టం సులభంగా దూరుతుంది గనుక ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. డీజిల్‌కు ఉండే జిడ్డే అధిక ఒత్తిడి పంపును అరగకుండా కాపాడుతుంది. పెట్రోల్ కలిస్తే ఆ జిడ్డు పలచబడి లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఆ అరుగుదల పొడి ఇంజెక్టర్లలోకి చేరితే మరమ్మతు లక్షల్లోకి పోతుంది. నేను మామూకు ఫోను చేయగానే ఆయన అన్న మొదటి మాట, "తాళం చెవి ముట్టుకోకు" అని. ఇంజను వెలిగించకపోయినా, తాళం తిప్పగానే అనేక బండ్లలో ట్యాంకులోని చిన్న పంపు పనిచేసి ఇంధనాన్ని ముందుకు నెడుతుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయించాలి. మెకానిక్‌ను పిలిపించి ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాలి. పైన డీజిల్ నింపితే సర్దుకుంటుందనే సలహాను వినకూడదు. మేము అలాగే చేశాం, ఇంజను దక్కింది.

కానీ అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. మేనేజరు వచ్చి నష్టమంతా కుర్రవాడి జీతంలో కోస్తానన్నాడు. ఆ అబ్బాయి తల వంచుకుని నిలబడ్డాడు. "కోయండి" అనడానికి నా నోరు సిద్ధంగానే ఉంది. పూట వృథా అయింది, కోపమూ ఉంది. అప్పుడు అమ్మీ నెమ్మదిగా, "నువ్వు డీజిల్ అని చెప్పావా?" అని అడిగింది.

దివ్య ఖుర్‌ఆన్‌లోని 83వ సూరా పేరు అల్ ముతఫ్ఫిఫీన్. కొలతల్లో తగ్గించేవారు అని దాని భావం. ఆ సూరా మొదట్లోనే వారి లక్షణం రెండు ముఖాలుగా కనిపిస్తుంది. ఇతరుల నుంచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుంటారు, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గిస్తారు. ఆ హెచ్చరిక తక్కెడ పట్టిన వ్యాపారికి మాత్రమే అనుకునేవాణ్ణి. నాకు రావలసిన నష్టపరిహారాన్ని నిండుగా అడుగుతూ, నా తప్పును తగ్గించి చూపితే నేనూ ఆ వరుసలోనే నిలుస్తానని ఆ రోజు అర్థమైంది. "చెప్పకపోవడం నా తప్పు, అడగకపోవడం ఇతని తప్పు" అని మేనేజరుతో అన్నాను. మెకానిక్ ఖర్చు నేను భరించాను, పాడైన ఇంధనం నష్టం బంకు భరించింది. కుర్రవాడి జీతం కోయబోమని మా ఎదుటే మాట ఇచ్చారు.

ఈసారి ఔటర్ ఎక్కడానికి ముందే బంకులో ఆగాం. ఇంజను ఆపి దిగి, మూత దగ్గర నిలబడి, "అన్నా, డీజిల్" అని స్పష్టంగా చెప్పాను. గొట్టం ఏ మిషన్ నుంచి వస్తోందో చూశాను. రీడింగ్ సున్నా మీద ఉందో లేదో చూశాను. గొట్టం తనంతట తాను ఆగిన మొదటి చప్పుడుతోనే చాలన్నాను. ఆపైన కూరి నింపితే డీజిల్ నురగ కట్టి బయటికి పొంగుతుంది. బిల్లు తీసుకుని జేబులో పెట్టుకున్నాను. తరువాత బండి మొరాయిస్తే ఎక్కడ పోయించుకున్నామో చెప్పడానికి అదొక్కటే ఆధారం.

కొలత మీద అనుమానం వస్తే గొడవపడనవసరం లేదు. ప్రతి బంకులో తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు లీటర్ల పాత్ర ఉంటుంది. మీ ఎదుట అందులో పోసి చూపమని అడగడం వినియోగదారుడి హక్కు. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే అది లోపమే. సాంద్రత కూడా మిషన్ మీద గాని బిల్లు మీద గాని కనిపిస్తుంది. డీజిల్‌కు ఆ అంకె సుమారు 820 నుంచి 860 మధ్య, పెట్రోల్‌కు సుమారు 720 నుంచి 775 మధ్య ఉంటుంది. వడపోత కాగితం పరీక్ష మాత్రం పెట్రోల్‌కే పనికొస్తుంది. మంచి పెట్రోల్ మరక లేకుండా ఆరిపోతుంది. డీజిల్ ఎంత స్వచ్ఛమైనదైనా మరక వదులుతుంది. ఫిర్యాదు చేయవలసి వస్తే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

డీజిల్‌కు అసలు శత్రువు నీరు. నీరు బరువైనది గనుక అడుగున చేరుతుంది. వానాకాలంలో, భూగర్భ ట్యాంకు సరిగా చూసుకోని చోట, ఈ ప్రమాదం ఎక్కువ. ట్యాంకర్ నుంచి బంకులోకి ఇంధనం దింపుతుంటే అడుగున ఉన్న మడ్డి కదులుతుంది. ఆ సమయంలో పోయించుకోకుండా ముందు బంకుకు వెళ్లడం మేలు. రద్దీ బాగా ఉండే బంకులో ఇంధనం నిల్వ ఉండదు. లారీలు ఎక్కడ ఆగుతాయో చూడమంటారు మామూ. నీటి దీపం వెలిగితే బండి ఆపి ఫిల్టరులోని నీటిని తీయించాలి. మదీనా బజారులో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి తగలడంతో ఆ వ్యాపారిని మందలించిన ఉదంతం మనకు తెలిసినదే. పైకి కనిపించని చోట పరిశీలించడం అనుమానపు బుద్ధి కాదని ఆ ఉదంతం బోధిస్తుంది.

తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ వస్తుందని కొందరు నమ్ముతారు. భూగర్భంలోని ట్యాంకు వేడి పగలూ రాత్రీ పెద్దగా మారదు కాబట్టి ఆ లాభం నామమాత్రం. ధరల తేడా మాత్రం నిజమైనదే. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరలు రోజువారీగా మారే పద్ధతి వచ్చింది. రాష్ట్రాల పన్నులు వేరు. ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణ కంటే ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ కొద్దిగా ఎక్కువ, కర్ణాటకలో తక్కువ. అందుకే కడప వెళ్లేవారు తుంగభద్ర వంతెనకు ముందే, అలంపూర్ చౌరస్తా పరిసరాల్లో నింపుకుంటారు. రూపాయి ఆదా కోసం ముల్లును అడుగంటనివ్వడం మాత్రం తెలివి కాదు.

వంతెన దాటి కర్నూలులో ఫలహారం చేశాం. నంద్యాల దాటాక ఒక బంకు వద్ద చక్రాల్లో గాలి చూసుకున్నాం. గాలి, తాగునీరు, మరుగుదొడ్డి బంకుల్లో ఉచితంగా అందవలసిన సదుపాయాలు. అడగడానికి మొహమాటపడవద్దు. ఆడవారికి, పిల్లలకు ఆ సదుపాయం ఎంత అవసరమో ప్రయాణం చేసినవారికి తెలుసు. అక్కడే వుజూ చేసుకుని, యజమాని అనుమతితో, చెట్టు నీడన చాప పరచి జుహర్ ఖస్ర్ చేశాం. జాతీయ రహదారి మీద ఆపద వస్తే పిలవవలసిన సంఖ్య 1033 అని అమ్మాయి తన పుస్తకంలో రాసుకుంది.

అసర్ వేళకు ముందే కడప చేరాం. ఖాలా మంచం మీదే లేచి కూర్చుని పిల్లలను దగ్గరకు తీసుకుంది. మామూ బయటికి వచ్చి, అలవాటు ప్రకారం ముందు బండి వైపు చూసి, "ముల్లు ఎక్కడుంది?" అని అడిగారు. సగానికి కాస్త పైన ఉందన్నాను. ఆయన తల ఊపి, "ఆ అబ్బాయి ఏమయ్యాడు?" అన్నారు. వచ్చే దారిలో ఆ బంకు వద్ద ఆగి చూశాం. అతడు అక్కడే పనిచేస్తున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి, బండి మూత దగ్గరకు రాకముందే అడిగాడు, "సార్, డీజిలే కదా?" అని.