సిరిసిల్ల త్రోవలో – పొరుగుదేశపు టిల్లాలు

సోదరీమణులారా! యాత్ర యనగానే మనకు కాశియో, రామేశ్వరమో తలపునకు వచ్చును. నేనును వేములవాడ రాజన్నకు మ్రొక్కు చెల్లించుటకే యిల్లు కదలితిని. కాని యీసారి త్రోవలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములను కూడ నిలిచి చూడవలెనని సంకల్పించుకొంటిని. అచ్చటి యిండ్లనుండి బయలుదేఱిన యొక కథ దుబాయికి పోయి, అటనుండి నేపాళమునకు పోయి, మరల సిరిసిల్లకే వచ్చి చేరినది. దానిని మీకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

కరీంనగరమున బస్సెక్కి ప్రొద్దెక్కునప్పటికి జగిత్యాల చేరితిని. త్రోవ కిరువైపుల వరిమళ్లు, నడుమనడుమ పసుపుచేలు కన్నులకు చల్లగా నుండెను. ఊరిలో నక్షత్రమువంటి యాకారముగల కోట కలదు; దాని చుట్టును అగడ్త. 1747 ప్రాంతమున ఫ్రెంచి యింజనీర్ల సాయముతో నిది కట్టబడెనని చెప్పుదురు. వారి పేర్లు జాక్, టాల్ అనియు, వానినుండియే యూరికి పేరు వచ్చెననియు నొక వాడుక. ఆనాడు పరదేశీయు లిచ్చటికి వచ్చి కోట కట్టిరి. ఈనాడు ఈ యూరివారు పరదేశములకు పోయి మేడలు కట్టుచున్నారు. బజారులో వీసాలు, విమానపు టిక్కెట్లు ఇప్పించు దుకాణముల పలకలను చూచినప్పుడు నాకీ మాటయే తోచెను.

ఈ సీమలో సేద్యము చాలవఱకు వాననే నమ్ముకొని యుండెడిది. బోరుబావుల కొఱకు అప్పులు పెరిగినవి. చేతిమగ్గమునకు గిరాకి తగ్గినది. మొదట బొంబాయి, భీమండి, షోలాపూరులకు పోయిన మగవారు, 1970వ దశకమునుండి గల్ఫు దేశములకు పోసాగిరి. ఇంటిభారమంతయు ఆడువారి తలమీదకు వచ్చెను.

ఆ భారమెట్టిదో కోరుట్లలో చూచితిని. ఒక యరుగుమీద నలుగురు స్త్రీలు ఒడిలో చాటలు పెట్టుకొని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండిరి. నేను ప్రక్కన కూర్చుండగా, వారిలో చిన్నది చేతిపని ఆపకయే నాతో నిట్లనెను:

“మా ఆయన మస్కట్ల ఉన్నడమ్మా. మూడేండ్లాయె. ఆయన రూంల నేపాలోల్లు ఇద్దరు, బంగ్లాదేశోల్లు ఇద్దరు ఉంటరు. ఒక్కొక్కలు ఒక్కొక్క దినం వండుతరట. మా ఆయన పచ్చిపులుసు జేస్తే నేపాలోల్లు ఇంకింత పోయించుకుంటరట.”

ఈ మాట విని నేను లోలోపల నవ్వుకొంటిని. మన దక్షిణాసియా దేశములు 1985 డిసెంబరులో ఢాకానగరమున సార్కు అను కూటమిని స్థాపించుకొన్నవి. దాని కార్యాలయము నేపాళ రాజధానియగు ఖాట్మండులో నున్నది. 2014 నవంబరులో ఆ నగరముననే దేశాధినేతలు సమావేశమైరి. 2016లో ఇస్లామాబాదులో జరుగవలసిన సభ జరుగనేలేదు. పెద్దలు కూర్చుండలేని పంక్తిలో మన కూలివారు ప్రతిదినము కూర్చుండి భుజించుచున్నారు!

అయితే ఒక పంక్తిని భుజించినంతనే కష్టము తీఱదు. పనికి మనుష్యులను పంపు ఆసియా దేశములు కూడి మాటాడుకొనుటకు 2003లో కొలంబోలో నొక యేర్పాటు జరిగినది. దాని యవసరమెంతయో తెలిపెడి సంగతి తరువాత జరిగెను. 2020 సెప్టెంబరులో మన కేంద్రప్రభుత్వము గల్ఫునకు పోవు కార్మికుల కనీసవేతనపు హద్దును 30 మొదలు 50 శాతము వఱకు తగ్గించెను. మనవారు ఎక్కువ కూలి అడిగినచో పని పొరుగుదేశమువారికి పోవునను భయమే దీని కాధారము. తెలంగాణమునుండి హైకోర్టులో వ్యాజ్యము పడెను. 2021 జూలైలో ఆ యుత్తరువులు రద్దయ్యెను. ఒక వీధిలోని పనికత్తెలు ఒకరికంటె నొకరు తక్కువ జీతమునకు ఒప్పుకొన్నచో లాభమెవరిదో మన యిండ్లలో మనకు తెలియును. దేశముల సంగతియు నంతియే.

కోరుట్లనుండి వేములవాడకు పోయి, రాజన్నకు మ్రొక్కుకొని, అచ్చటికి కొద్దిదూరముననున్న సిరిసిల్ల చేరితిని. మానేటి యొడ్డున నున్న యీ పట్టణమున మరమగ్గములను సాంచెలందురు. వీథిలో అడుగుపెట్టినది మొదలు వాని చప్పుడే. 2017 మొదలు కొన్నియేండ్లు ప్రభుత్వము పంచిన బతుకమ్మ చీరలను నేసినది ఈ సాంచెలే. నేను చెప్పదలచిన కథ యిచ్చటిదే.

ఈ జిల్లానుండి అయిదుగురు యువకులు కూలికై దుబాయి పోయిరి. 2005లో అచ్చట నొక కాపలాదారు హతుడయ్యెను. ఆతడు నేపాళదేశస్థుడు, వీరివలెనే పొట్టకూటికి వచ్చినవాడు. ఆ నేరమునకు వీరయిదుగురు శిక్షితులైరి. తుదకు శిక్ష 25 ఏండ్లుగా నిర్ణయింపబడెను. అచ్చట నొక యిల్లాలి బొట్టు చెరిగెను. ఇచ్చట కొన్ని యిండ్లు చీకటియయ్యెను.

ఆ దేశపు న్యాయమును బట్టి, హతుని వారసులు క్షమించి పరిహారము స్వీకరింపవచ్చును. ఆ ధనమును దియా అందురు. 2011లో సిరిసిల్ల శాసనసభ్యులు కె. తారక రామారావుగారు స్వయముగా నేపాళమునకు పోయి, ఆ కుటుంబమును కలిసికొని 15 లక్షల రూపాయల నిచ్చిరి. హతుని భార్య క్షమాపత్రముపై సంతకము చేసెను. అంతటితో చెఱసాల తలుపులు తెఱచుకొనలేదు. విన్నపములు పలుమారులు త్రోసివేయబడెను. ఎట్టకేలకు 2024 ప్రారంభమున, 18 ఏండ్లు గడచిన పిమ్మట, వారు ఒక్కొక్కరుగా నిల్లు చేరసాగిరి. తండ్రి పోవునాటికి చంటివారైన బిడ్డలు ఎదిగి, శంషాబాదు విమానాశ్రయమున తండ్రులను చూచి కన్నీరు పెట్టుకొనిరి.

సోదరులారా యనక సోదరీమణులారా యని మిమ్ము సంబోధించుటకు కారణ మిదియే: ఈ కథలో ముడి విప్పినది ఒక స్త్రీ. 15 లక్షలు ప్రాణమునకు వెలకాదు. ధనమిచ్చినవారు ధనముతోనే సరిపెట్టలేదు. ఆమె గుమ్మమునకు పోయి ఆమెను అడిగిరి. ఇచ్చుటకు గాని, నిరాకరించుటకు గాని ఆమెకు స్వాతంత్ర్యముండెను. అన్యాయము పొందినవారిని అడిగి పొందిన క్షమయే నిలుచును.

అడుగనిచో నేమగునో తూర్పుదేశముల చరిత్ర చెప్పుచున్నది. 1965లో జపాను, దక్షిణ కొరియా దేశములు సంధి చేసికొన్నవి. జపాను 30 కోట్ల డాలర్లు గ్రాంటుగను, 20 కోట్ల డాలర్లు ఋణముగను ఇచ్చుట కొప్పుకొనెను. పాత లెక్కలన్నియు తీఱినవని వ్రాసికొనిరి. కాని యుద్ధకాలమున జపాను సేనలచే చెఱబట్టబడి మానము కోల్పోయిన కొరియా స్త్రీలను ఎవ్వరును అడుగలేదు. 1991లో కిమ్ హక్ సున్ అను వృద్ధురాలు తన పేరుతోనే లోకము నెదుట నిలిచి జరిగినది చెప్పెను. 2015లో మరల నొక యొడంబడిక జరిగినను, తమ్ము సంప్రదింపలేదని ఆ వృద్ధస్త్రీలలో పలువురు దానిని నిరాకరించిరి. రెండు ప్రభుత్వముల కోట్ల డాలర్లు చేయలేని పనిని మన సిరిసిల్ల విషయమున ఒక యిల్లాలి సంతకము చేసినది.

ఆ రాత్రి సిరిసిల్లలో బంధువుల యింట బసచేసితిని. సాంచెల చప్పుడు తగ్గిన తరువాత వీథిలో గూర్ఖా యీల వినబడెను. మన పట్టణములలో ఆ యీల వినని వారెవరు? 1950 నాటి సంధిని బట్టి నేపాళీయులు మన దేశమునకు స్వేచ్ఛగా వచ్చి పనిచేసికొనవచ్చును. మనము నిద్రించునప్పుడు మేల్కొని తిరుగువాడు ఆ పొరుగుదేశపు బిడ్డ. దుబాయిలో చనిపోయిన వాడును కాపలాదారే కదా యని తలచి చాలసేపు నిద్రపట్టలేదు.

తెల్లవాఱినది. అది నెల మొదటి తేది యగుటచే గూర్ఖా తన డబ్బుకై వాకిట నిలిచెను. మా వదిన లోపలినుండి పది రూపాయల నోట్లు రెండు తెచ్చి అతని చేతిలో పెట్టెను. అతడు సలాము చేసి మరలబోవుచుండగా ఆమె పిలిచి, “ఆగు భయ్యా, చాయ తాగి పో” అనెను. అతడు చెప్పులు విడిచి అరుగుమీద కూర్చుండెను. నేను లోనికి పోయి చాయ తెచ్చి యిచ్చి, “మీ యూరేది? ఇంట నెవరున్నారు?” అని యడిగితిని.